పడమటి అంచున పొయ్యి

మా అత్త బంగారమ్మాళ్‌కి గాలి పిచ్చి ఉందని నాకు పెళ్లయిన మూడో రోజే తెలిసింది. తెల్లారి లేచి వాకిట్లోకి వస్తే, ఆవిడ కళ్లం మధ్యలో నిలబడి, చేయి చాచి, గుప్పిట్లోంచి ఏదో పొడి వదులుతోంది. కొబ్బరి పీచు పొట్టు. అది ఎటు కొట్టుకుపోతుందో రెప్ప వాల్చకుండా చూసింది. తర్వాత ఇంట్లోకి వచ్చి, గోడకు వేలాడుతున్న క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో పెన్సిల్‌తో చిన్న బాణం గీసింది.

"ఏందత్తా అది?" అని అడిగాను.

"గాలి," అంది. అంతే. కాఫీ కలపడానికి పోయింది.

నేను మదురై పక్క తిరుమంగళం పిల్లని. మా నాయనకి అక్కడ పాత్రల కొట్టు. సాయంత్రం గిరాకీ తగ్గాక కొట్లోనే కూర్చోబెట్టి నాకు తెలుగు అక్షరాలు దిద్దించేవాడు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. అత్త చదివింది తమిళ బడిలో మూడో క్లాసు. పొల్లాచ్చికి పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రంగమ్మపాళయంలో మన భాష రాయడం వచ్చినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, కోపం వస్తే రెండూ. నాకు రెండూ తరచుగా వాడాల్సి వస్తుంది, ఎందుకంటే నాకు ముక్కు మీద కోపం. అత్తకి అసలు కోపమే రాదు. దానికి కూడా నాకు కోపం వచ్చేది.

మా ఊరి బతుకంతా ఎండు కొబ్బరి. కాయ కొట్టి, చిప్పలు చేసి, కళ్లంలో పరిచి ఎండబెట్టడం. సంక్రాంతితో వచ్చే తై నెలలో మొదలుపెడితే, మాసి దాటి, ఎండలు ముదిరే పంగుని చివరిదాకా సాగుతుంది. మబ్బు పట్టిన రోజున, మంచు కురిసిన పొద్దున, కళ్లం అంచున ఉన్న గుంటపొయ్యిలో టెంకలు రాజేసి, పైన తడక మీద కొబ్బరి పేర్చి వేడి తగిలిస్తారు. ఆ పొగ కళ్లంలో పరిచిన కొబ్బరి మీదికి రాకూడదు. వచ్చిందా, తెల్లగా ఉండాల్సిన కొబ్బరి మసి పట్టి కంపు కొడుతుంది. నూనె మిల్లువాళ్లు వాసన చూసి పక్కకు నెట్టేస్తారు.

మామయ్య పోయిన మరుసటేడు అలాగే అయింది. ఒక పంగుని మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి తిరగబడింది. అత్త ఒంటరిది, చూసుకోలేదు. కళ్లంలో ఉన్న కొబ్బరంతా మసి. మా ఆయన రాజ్‌మోహన్ అప్పుడు కోయంబత్తూరులో పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఆ ఏడు కొడుకు చదువు ఆగిపోతుందేమోనని అత్త అన్నం మానేసిందని పక్క కళ్లం పాంచాలి చెప్పింది నాతో. అత్త చెప్పలేదు. ఆ రోజు నుంచి పట్టుకుంది గాలిని. పొద్దున్నే పొట్టు వదలడం, బాణం గీయడం. జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లయినా సరే. అలా గీసిన పన్నెండేళ్ల క్యాలెండర్లు ఇంట్లో అటక మీద ఉండేవి. అవన్నీ ఊళ్లో కొబ్బరి వ్యాపారి కృష్ణసామి ఏటా ఇంటింటికీ పంచేవి. పైన దేవుడి బొమ్మ, మధ్యలో ఆయన కొట్టు పేరు, కింద తేదీలు.

ఇక అసలు సంగతి. రెండేళ్ల కింద ఊరికి తూర్పున ఉన్న పొరంబోకులో ఒక బోర్డు పాతారు. మేం ఎరువు చేసే షెడ్డేమో అనుకున్నాం. మా ఆయన కోయంబత్తూరులో పంపుల కంపెనీలో పని చేస్తాడు. ఆయనే ఆరా తీసి చెప్పాడు, చుట్టుపక్కల పట్నాల చెత్తంతా లారీల్లో తెచ్చి ఇక్కడ కాలుస్తారట, రోజుకి మూడు వందల టన్నులు.

కృష్ణసామి వచ్చి అరుగు మీద కూర్చుని ఊరించాడు. "రోడ్డు వేస్తారు సెల్లెమ్మా. మన పిల్లకాయలకి పని దొరుకుతాది. పొగ ఎత్తుగా గొట్టంలో పోతాది. మనకి ఏమీ కాదు."

అత్త కొబ్బరి చిప్పలు తిరగేస్తూనే అడిగింది. "గొట్టంలో పోయినంక యాడికి పోతాదన్నా?"

"పైకి పోతాది."

"పైకి పోయి ఆడే నిలబడతాదా?"

కృష్ణసామి కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఆవిడ అడిగిన తీరులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేనైతే నాలుగు దులిపి పంపేదాన్ని.

ఆ సోమవారం నుంచి మొదలైంది. సోమవారం అంటే కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజు. పొద్దున పొట్టు వదిలి, బాణం గీసి, ఏడింటి బస్సు ఎక్కేది. తోడు పాంచాలి, ఇంకో పదిమంది ఆడవాళ్లు. అర్జీ నేను రాసేదాన్ని తమిళంలో. ఆవిడ దాన్ని ఇంట్లో నాలుగుసార్లు చదివించుకుని, "ఈ మాట వద్దు, ఇది తిట్టినట్టుండాది," అని నా ఘాటైన వాక్యాలన్నీ తీయించేది. నాకు ఒళ్లు మండేది. ముప్పై ఒక్క సోమవారాలు తిరిగారు. ఒకసారి గుమాస్తా ఒకడు, "ఇంత దూరం ఎందుకొస్తారు అవ్వా, పోస్టులో వేయొచ్చుగా?" అన్నాడట. "పోస్టులో వేస్తే నువ్వు నా మొగం సూడవు గదా నాయనా," అందట అత్త. తర్వాత వారం నుంచి అతనే కుర్చీ వేశాడు. ఊళ్లో పదిహేడు కళ్లాలున్నాయి. తిరుగుడు మొదలుపెట్టినప్పుడు నాలుగు కళ్లాల వాళ్లే వెంట ఉన్నారు. ఇరవయ్యో వారానికి పదిహేడూ వచ్చాయి.

చివరికి ఊళ్లోనే బహిరంగ విచారణ జరుపుతామని కాగితం వచ్చింది. తేదీ తై నెలలో, ఇంకా ఇరవై రోజులుంది. దాంతోపాటే కంపెనీవాళ్ల నివేదిక. రెండు వందల పేజీలు, ఇంగ్లీషు. మా ఆయన కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో జిరాక్సు తీయించి తెచ్చాడు. నేను బీకామ్ చదివినా మొదటి పది పేజీలకే తల వాచిపోయింది. అయినా రోజూ మధ్యాహ్నం అత్తకి చదివి చెప్పేదాన్ని. చదువుతూ పోతే ఒకచోట గాలి సంగతి వచ్చింది. ఇక్కడ గాలి పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది, ప్లాంటు ఊరికి తూర్పున ఉంది కాబట్టి పొగ ఊరివైపు రాదు, అని రాశారు.

అత్త చేతిలో చిప్ప కింద పెట్టింది. "ఏ నెల్లో సూసినారంట?"

పేజీ తిప్పాను. జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్యదాకా, ఒక్క నెల.

"ఆడి నెల," అంది అత్త. "ఆడిలో గాలి పడమర్నించి గాక యాడ్నించి వస్తాది? ఆడిలో మనం ఎండబెట్టమే! తైలో, మాసిలో సూడమను. అంతా తూర్పు గాలి. ఆ పొగంతా తిన్నగా వచ్చి మన కళ్లాల మీద కూర్చుంటాది. పదిహేడు కళ్లాలు పోతాయి కృత్తికా. ఊళ్లో పొయ్యి వెలగదు."

  మా అబ్బాయి ఫీజు, మా ఇల్లు, పాంచాలి కూతురి కాన్పు ఖర్చు, అన్నీ ఆ తెల్ల చిప్పల్లోంచే రావాలి.

విచారణకు రెండు రోజులుందనగా, పొద్దున్నే అత్త నన్ను పిలిచింది. మొహం వెలిగిపోతోంది. "కృత్తికా, అటక మీద క్యాలెండర్లు దింపు. పన్నెండేండ్ల గాలి ఉండాది నాకాడ. వాళ్లు ఒక నెల సూసినారు. నేను రోజూ సూస్తిని. విచారణకొచ్చే ఆఫీసరమ్మ ముందర పరుస్తా."

అటక మీద క్యాలెండర్లు లేవు.

ఎందుకంటే, వారం కింద ఇల్లు సున్నం వేయించడానికి అటక ఖాళీ చేసింది నేను. దేవుడి బొమ్మ ఉన్న క్యాలెండర్ పారేయకూడదు, తొక్కకూడదు, కాల్చకూడదు. మా అమ్మ నేర్పింది అది, వాళ్లమ్మ ఆమెకి నేర్పింది. అందుకని కత్తెర తీసుకుని, ఎంతో భక్తిగా, పన్నెండు క్యాలెండర్ల పైభాగం కత్తిరించాను. మురుగన్, వెంకటేశ్వరుడు, మీనాక్షి, అందరినీ పసుపు గుడ్డలో చుట్టి పూజగదిలో పెట్టాను. కింద తేదీల కాగితాలు మిగిలాయి. పోయిన ఏటి గాలితో ఎవరికేం పని అనుకున్నాను. ఆ వారమంతా పొద్దున మంచు. గుంటపొయ్యి రాజేయడానికి రోజుకొక కట్ట వాడేశాను.

"క్యాలెండర్లు... ఉండాయత్తా," అన్నాను. పూజగదిలోకి పోయి పసుపు మూట తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ విప్పింది. పన్నెండు మంది దేవుళ్లు. ఒక్క బాణం లేదు. గోడ మీది కొత్తదాంట్లో ఉన్నవి మూడు వారాల బాణాలే.

"కిందది యాడ?"

 పొయ్యివైపు చూశాను. ఆవిడకి అర్థమైంది.

తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా సరే అనిపించింది.  ఆవిడ పసుపు మూట తిరిగి కట్టి నాకిచ్చి, కళ్లంలోకి నడిచింది. గుంటపొయ్యి గట్టు మీద కూర్చుని, కర్రతో బూడిద కదిపింది. అందులో ఏం మిగులుతుంది? నేను గుమ్మంలో నిలబడి చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ముప్పై ఒక్క సోమవారాల తిరుగుడు నా కత్తెరతో పోయింది అనుకున్నాను. పొరుగు కళ్లంలో పాంచాలి పొయ్యి రాజేసింది. పొగ లేచింది.

 అత్త తల ఎత్తి ఆ పొగ చూసింది. తన పొయ్యి చూసుకుంది. లేచి కళ్లం చుట్టూ ఒకసారి చూసి, నన్ను పిలిచింది.

"ఏడ్చింది సాలు, ఈడికి రా. ఈ పొయ్యి ఈడ యాల ఉండాది?"

"మామయ్య కట్టించినాడు గదా."

"అది గాదే. ఈడే యాల కట్టినాడు? పడమటి అంచునే యాల? తూర్పున ఎంత జాగా ఉండాదో సూడు."

ఎందుకో నాకు తట్టలేదు. ఆవిడ చేయి పట్టుకుని నన్ను పాంచాలి కళ్లానికి లాక్కుపోయింది. పొయ్యి పడమటి అంచునే. ఆ పక్క కళ్లంలోనూ పడమటి అంచునే. అక్కడి నుంచి చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, అరవై మూడేళ్ల మనిషి, ఊరంతా పరిగెత్తినట్టే తిరిగింది. వెనక నేను, నా వెనక పాంచాలి. పదిహేడు కళ్లాల్లో పదిహేడు పొయ్యిలూ పడమటి అంచునే ఉన్నాయి. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తూర్పున లేదు. పొయ్యిల వెనక పడమటి గోడలు తాతల కాలం నుంచి మసిబారి నల్లగా ఉన్నాయి. తూర్పు గోడలు తెల్లగా ఉన్నాయి. మేం రోజూ చూసేవే ఇవన్నీ. చూసి కూడా చూడలేదు.

చివరి కళ్లం దగ్గర అత్త ఆయాసంతో నిలబడి నవ్వింది. "కాగితం కాలితే కాలనీ. పొయ్యి కాలదు గదా!"

విచారణ ఊరి కల్యాణ మండపంలో పెట్టారు. వేదిక మీద అధికారిణి, నలభై ఏళ్లు ఉంటాయేమో, కళ్లజోడు. పక్కన కంపెనీ తరఫు ఇంజనీరు తెర మీద బొమ్మలు చూపించాడు. నీలం బాణం ఒకటి ఊరి మీదుగా తూర్పుకి చక్కగా పోతోంది. అది చూసి కృష్ణసామి తల ఊపాడు. నాకు అతని తల మీద ఏదైనా వేయాలనిపించింది.

అత్త లేచింది. తమిళంలోనే అడిగింది, ఆ బాణం ఏ నెలదని. ఇంజనీరు చెప్పాడు. తై నెలలో గాలి తూర్పు నుంచి వస్తుందని అత్త అంది.

అధికారిణి మర్యాదగానే అడిగింది. "ఆదారం ఏదావదు ఇరుక్కా అమ్మా?"

ఆధారం ఏమైనా ఉందా అని.  

"ఉండింది," అంది అత్త. "పన్నెండేళ్లు రోజూ గాలి గుర్తు పెట్టాను. తెలివి తక్కువదాన్ని. పొయ్యి రాజేయడానికి నేనే ఆ కాగితాలు వాడేశాను."

ఎవరో వెనక నవ్వారు. ఆవిడ తల దించుకోలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. మూడు వందల మంది ముందు, తన జన్మలో చేయని తప్పుని తన నెత్తిన వేసుకుని నిలబడింది, నన్ను ఒక్క మాట పడనివ్వకుండా. ఇక కూర్చోలేకపోయాను.

"ఆవిడ కాదు మేడమ్, నేను! కాల్చింది నేను!" అని అరిచాను. తమిళంలో మొదలుపెట్టి తెలుగులోకి పడిపోయాను. దేవుడి బొమ్మలు, కత్తెర, పసుపు గుడ్డ, అన్నీ చెప్పేశాను ఏడుస్తూ. ముందు వరసలో ఉన్న ఆడవాళ్లు నవ్వలేదు. వాళ్లిళ్లలోనూ అవే మూటలున్నాయి మరి.

"కూర్చోమ్మే," అంది అత్త నాతో నెమ్మదిగా. అధికారిణివైపు తిరిగింది. "కాగితం పోయిందమ్మా. ఊరు ఉంది. కాస్త నడిచొస్తే చూపిస్తాను. పదిహేడు చోట్ల రాసి ఉంది."

ఇంజనీరు టైము లేదన్నాడు. అధికారిణి కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని లేచింది.

పొద్దున పదకొండు గంటలకి మూడు వందల మంది వెంట రాగా, ఆమె కళ్లం తర్వాత కళ్లం తిరిగింది. మొదటి మూడింటి దగ్గర ఊరికే చూసింది. నాలుగోదాని దగ్గర అడిగింది, పొయ్యిలన్నీ ఇటే ఎందుకున్నాయని. అత్త ఆ ప్రశ్న కోసమే కదా కాచుకుంది! "మా తాతలకి ఎండబెట్టే కాలంలో గాలి ఎటు నుంచి వస్తుందో తెలుసమ్మా. తూర్పున పొయ్యి కడితే ఆ ఏడు కొబ్బరి అంతా మసే. ఇప్పుడు వీళ్లు మా ఊరికి తూర్పున పెద్ద పొయ్యి కడతామంటున్నారు."

తర్వాత కొంగు ముడి విప్పి, పీచు పొట్టు తీసి ఆమె అరచేతిలో పోసింది. వదలమంది. అధికారిణి చేయి చాచి వదిలింది. పొట్టు పోయి తిన్నగా ఇంజనీరు తెల్ల చొక్కా మీద పడింది. ఆయన పడమటి పక్కన నిలబడ్డాడు పాపం. ఊరు ఊరంతా గొల్లున నవ్వింది. అధికారిణి కూడా పెదవి కొరుక్కుంది. పదిహేడు కళ్లాలూ పూర్తిగా చూసి, గోడలకు ఫోటోలు తీయించి, విచారణ పత్రంలో తన చేత్తో రాసింది, గాలిని ఏడాది పొడుగునా మళ్లీ కొలవాలని.

కొలిచారు. మా కళ్లం పక్కనే స్తంభం పాతి పైన గాలి యంత్రం బిగించారు. ఏడాదంతా అత్త రోజూ పొట్టు వదిలి, ఆ యంత్రం ఎటు తిరిగిందో చూసి, "ఇది తప్పు సెప్పడం లేదు, పరవాలేదు," అని దానికి సర్టిఫికెట్ ఇచ్చేది. కొత్త క్యాలెండర్‌లో బాణాలు గీస్తూనే ఉంది. దాన్ని నేను తాకితే ఒట్టు.

ఈ మాసి నెలలో ఉత్తరం వచ్చింది. ఈ స్థలం తగదని తేలింది, పథకాన్ని ఉడుమలై దారిలో ఉన్న ఇంకో ఊరికి మారుస్తున్నాం అని. టపాసులు కాల్చారు. కృష్ణసామి మిఠాయి పంచాడు. ఎక్కువగా ఆయనే ఎగిరాడు. నేను అత్తని పట్టుకుని గిర్రున తిప్పాను. ఆవిడ నవ్వింది, తర్వాత కూర్చుని ఉత్తరం మళ్లీ చదివించుకుంది.

"ఆ ఊళ్లో ఏం ఎండబెడతారు?" అని అడిగింది మా ఆయన్ని.

"మిరపకాయలమ్మా, మొక్కజొన్న కూడా. నీకెందుకిప్పుడు?"

"వాళ్లకి గాలి ఎటు వస్తాదో సూసినారా?"

"అమ్మా, మనది అయిపోయిందిగా! ఇక మన జోలికి రారు."

"అయిపోయింది సరే. ఆడుండేవాళ్లు మనుషులు గారా? ఆ ఊరికి ఏ బస్సు పోతాది?"

ఆయన నావైపు చూశాడు, నువ్వయినా చెప్పమన్నట్టు.  చెప్పే మొహం నాకు లేదు.

నిన్న సోమవారం. ఇంటి గాలి నన్ను రాయమని చెప్పి, ఇంకా చీకటి ఉండగానే అత్త పాంచాలిని తీసుకుని ఆ ఊరికి మొదటి బస్సు ఎక్కింది. సంచిలో పీచు పొట్టు పొట్లం, కృష్ణసామి కొట్లో అడిగి తెచ్చుకున్న పది కొత్త క్యాలెండర్లు, పది పెన్సిళ్లు. కృష్ణసామి మారు మాట్లాడకుండా ఇచ్చాడు. నేను వంటింట్లో పనిలో పడిపోయాను. పదకొండింటికి ఫోను మోగింది. బజారు హోరులో ఆవిడ గొంతు.

"కృత్తికా, ఈ పొద్దు గాలి రాస్తివా?"

రాయలేదు. మర్చేపోయాను. ఫోను చెవికి పెట్టుకునే కళ్లంలోకి పరిగెత్తి, పొట్టు గుప్పెడు తీసి వదిలాను. అది పొయ్యివైపు పోయింది.

"తూర్పునుంచి అత్తా!"

"అది పదకొండు గంటల గాలి. నాకి తెల్లారి గాలి కావల్ల," అంది. "రేపట్నించి కాఫీకి ముందర సూడు. ఎన్నాళ్లు పడతాదో ఆడ, నాకి తెలీదు."

ఫోను పెట్టేసింది. పెట్టేముందు నన్ను తిట్టింది కూడా, మతిమరుపుదానా అని. పదకొండేళ్లలో మొదటి తిట్టు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. నిన్నటి గడి ఖాళీగా వదిలేశాను. ఈ రోజు తెల్లారి, కాఫీకి ముందు, బాణం గీశాను.